సానరాయి

కొర్రా సుమిత్ర అనంతగిరి మీదినించి
పొద్దుటి బస్సులో, ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది.
పాత లుంగీ గుడ్డలో మూట.
విప్పితే రాయి,
నడిమధ్య అరిగి దోసిలంత పల్లం.

"మా అవ్వ కత్తులు నూరే సాన సార్.
ఎప్పుడు, ఏ సంతలో కొన్నారో ఆమెకే గుర్తులేదు.
కొంచెం కోసి చూడండి.
కొంచెమే. మళ్ళీ అవ్వకిచ్చెయ్యాలి."

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఈ గదిలో నా పని
వెలుతురు దూరేంత పలచగా రాళ్ళని అరగదీయడం.
పేర్లు పెట్టేది పైఅంతస్తు వాళ్ళు.
వజ్రపు రంపం, దాని మీద నీళ్ళ ధార,
గాజుపలక మీద కార్బోరండం పొడి,
ముందు గరుకుది, తర్వాత మెత్తంది,
ఆ తర్వాత బుగ్గకి రాసుకోవచ్చనిపించేది.
వేలికొసతో గుండ్రంగా, గుండ్రంగా.
వెంట్రుకని నిలువునా చీలిస్తే ఒక చీలికంత.
ఇంకొక్క చుట్టు తిప్పానా,
రాయి పోయి గాజే మిగులుతుంది.

లెన్సు కింద పెట్టాను.
గదులు.
మా పాత పోస్టాఫీసు వీధిలా
గోడకి గోడ ఆనించిన ఇరుకిరుకు గదులు,
నీళ్ళు పైకెక్కిన గొట్టాలు,
తొమ్మిది వలయాలు.
ఐదోది దారమంత సన్నం.
ఆ యేడు వానలు ఎగ్గొట్టినట్టున్నాయి.

"చెట్టు" అన్నాను.
సుమిత్ర ఏమీ అనలేదు.

ఎక్కడో ఒక కొండ నోరు తెరిచింది.
ఏ కాలమో, ఏ దిక్కో, పైఅంతస్తు వాళ్ళనడగాలి.
బూడిద కురిసింది.
ఆకుల మీద, ఆకు తింటున్న పురుగు మీద,
మోకాళ్ళ దాకా, మెడ దాకా.
తర్వాతెప్పుడో వానలొచ్చి
బూడిదలోని గాజుని కరిగించి
నీళ్ళలో కలిపి పోశాయి.
చచ్చిన మానుకీ దాహమేనేమో, తాగింది.
ఒక్కో గదీ ఖాళీ అవుతుంటే
ఒక్కో గదిలో రాయి దిగింది,
గోడ కూలకుండా, గుమ్మం మారకుండా,
అద్దెకొచ్చినవాడంత అణకువగా.

మా అమ్మ పైడమ్మ రోజుకి మూడుసార్లు కిటికీ తుడిచేది.
ఓడ దిగే బొగ్గు, రైలెక్కే బొగ్గు,
గాలి తిరిగిందంటే మా వన్ టౌన్ మీదికే.
ఆరేసిన చీర మీద, బిందె మూత మీద,
పెరుగు మీగడ మీద.
"ఆకాశం సూరు దులుపుకుంతందిరా" అనేది.
ఛాతీ ఆసుపత్రిలో డాక్టరు ఆమె ఎక్స్‌రేని
కిటికీకెత్తి పట్టుకున్నప్పుడు
నాకదేం కొత్తగా అనిపించలేదు.
పలచన. వెలుతురు. గదులు.
కొన్నిట్లో ఏదో దిగి ఉంది.
ఆయన దానికో పేరు చెప్పాడు.
నేను వినలేదు, లెక్కపెడుతున్నాను.

సుమిత్ర లెన్సు మీంచి కన్ను తీసింది.
"అయితే మా తాత
ఈ చెట్టు మీద గొడ్డలి నూరుకునెళ్ళి
చెట్లు కొట్టేవాడా సార్?"
కొట్టేవాడు.
"అవ్వకి చెప్పనా?"
చెప్పు. నూరడం మానేస్తుందా?
కాసేపు ఆలోచించింది.
"మానదు. జీలుగు గీసే కత్తి మొద్దుబారింది."
నవ్వింది. నేనూ నవ్వబోయాను గానీ
గొంతులో తడి లేదు.

మిగతా రాయిని ఆ లుంగీ గుడ్డలోనే చుట్టిచ్చాను.
కోసిన పక్క ఇంకా తడి,
బెల్లం పాకం రంగులో.
మూడు నలభై బస్సుకి పరుగెత్తింది.
గాజుపలక నా బల్ల మీదే ఉంది.
చీటీ అంటించాలి. ఏమని రాయను?

రాత్రి ఇంటికొచ్చి
కిటికీ రెక్క మీద వేలు పెట్టి గీశాను.
నల్లగా అంటింది.
అలవాటుకొద్దీ బొటనవేలితో
గుండ్రంగా, గుండ్రంగా నలిపాను.

గరుకు.
ఇంకా మొదటి పొడి దగ్గరే ఉన్నాం.