లోపలికి పీల్చిన మాట

తూరిద్ టీచరు క్లాసులో
నార్వీజియన్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చేది.
ఒక్కో మాటా గుండీ గుండీగా
లెక్కపెట్టుకోవచ్చు.

వార్డో రేవులో, చేపల షెడ్డులో
అదే భాష
రబ్బరు బూట్లతో, దవడన పొగాకుతో
సగం మింగి సగం ఉమ్మేది.
ఉప్పు అన్నారో ఆపు అన్నారో తెలియక
రెండు చేతులా కాడ్ చేపతో
కొయ్యబారి నిలబడ్డాను.

అన్ని మాటల వెంటా పరుగెత్తకు అబ్రెహెత్,
అంది తూరిద్.
జారిపోయిన దాన్ని పోనీ.
ఏరుకోవడానికి వంగావా,
వెనకొచ్చే పదీ నీ వీపు మీంచి దాటిపోతాయి.
ఏం చెప్పబోతున్నారో ముందు ఊహించు,
ఆ తర్వాత విను.

తెల్లారగట్ల రేడియోలో సముద్రపు వాతావరణం.
మొదటి వారం అంకెలు మాత్రమే విన్నాను.
రెండో వారం దిక్కులు.
మూడో వారం గాలికున్న పేర్లన్నీ.
వెంటనే కిటికీ తెరిచి
విన్నది సరో కాదో
చెంపతో దిద్దుకునేదాన్ని.

ఫోనుకి మాత్రం చెంప లేదు, ముఖం లేదు.
పళ్ళ డాక్టరు దగ్గరి అమ్మాయి మంగళవారమంటే
గురువారం వెళ్ళి కూర్చున్నాను.
అప్పట్నుంచీ విన్నదాన్ని తిరిగి అప్పజెబుతున్నాను,
మంగళవారమేనా, మంగళవారమేనా అని.
సిగ్గు పంటినొప్పి కంటే చిన్నదే.

ఇంతకీ చెప్పాల్సింది యోరున్ గురించి.
నా పక్కన కత్తి నూరే ముసలామె.
ఎవరేం అడిగినా
ఉలిక్కిపడ్డట్టు గాలి లోపలికి పీల్చేది.
ఆయాసమేమో అనుకుని
ఒకసారి స్టూలు తెచ్చి వేశాను కూడా.
ఎంత నవ్వారో షెడ్డంతా.

ఓ మధ్యాహ్నం ఉప్పు బస్తా మీద కూర్చుని
కళ్ళు మూసుకుని విన్నాను,
మాటల్ని కాదు, మాటలు ఆగే చోట్లని.
పడవ వచ్చిందా?
గాలి లోపలికి.
మీ తమ్ముడు దిగాడా?
మళ్ళీ గాలి లోపలికి.

ఔను.
అది ఔను!

సెనాఫెలో మా అబాయ
తాఫ్ పిండి కలుపుతూ
నా పనికిమాలిన కబుర్లన్నిటికీ
సరిగ్గా ఇలాగే
ఊపిరి లోపలికి లాక్కుని ఔననేది.
పద్నాలుగు నెలలు
పుస్తకాల్లో, క్యాసెట్లలో, బస్సుల్లో వెతికాను.
పుట్టుకతో నాకొచ్చిన మాట ఒకటి
పక్కనే కత్తి నూరుతూ ఉంది.

ఇవాళ యోరున్ ఏదో పొడుగ్గా అడిగింది.
చాలా మటుకు జారిపోయింది.
చివర్న కాఫీ ఒక్కటి దొరికింది,
ఫ్లాస్కు మీద ఆమె చెయ్యి దొరికింది.
నేను
గాలి లోపలికి పీల్చాను.