బేరను

మా ఊళ్లో దాన్ని బేరను అంటారు.
చిన్నప్పుడు బేరం అనే అనుకున్నా.
పచ్చగా లోపలికెళ్లిన ఆకు
ఆరో రోజుకి పసుప్పచ్చగా బయటికొస్తే
టంగుటూరు వేలంలో ఎవరో వేలెత్తినంతలో
ఏడాది కష్టం తెగిపోయేది కదా మరి.

నాయన బేరను కాల్చే మనిషి. పేరు మాల్యాద్రి.
నలుగురు రైతుల పొయ్యిలు ఆయన చేతిమీదే.
గోడకి అరచేయంత అద్దం,
అద్దం వెనక పాదరసం.
అర్ధరాత్రి టార్చి వేసి చూసి
"నూటయిదు. ఇంకో మొద్దు ఎగదొయ్" అనేవాడు
చెల్లెలి జ్వరం చూసిన గొంతుతోనే.

అవ్వని అడిగితే
బేరనంటే కర్ర అనేది.
కర్రకింత కూలి. అల్లిన కర్రలు లెక్క,
చేతికంటిన నల్లజిగురు లెక్కలోకి రాదు.
చింతపండు రుద్దినా పోయేది కాదు,
ఆ చేత్తో కలిపిన ముద్ద
కొంచెం చేదుగానే ఉండేది.

కొండపి హైస్కూల్లో వ్యాసరచనకి
లావాటి నిఘంటువు బహుమానమిచ్చారు.
తుమ్మమొద్దుల వెలుగులో
నేను మొదట వెతికిన మాట అదే.
వెయ్యేళ్ల కిందట రెండు ముక్కలట:
బెరె అంటే బార్లీ, ఎర్న్ అంటే ఇల్లు.
బార్లీ గింజలు దాచుకునే ఇల్లు.
నాయనకి చదివి చెప్పా.
"బార్లీ అంటే, జ్వరమొస్తే కాచి పోసేదా?"
"అదే."
"ఇంకేం, సరిపోయిందిగా"
అన్నాడు అద్దంలోకి చూస్తా.

తర్వాత ఒంగోలు కాలేజీలో
ఫిజిక్సు సారు ఇంకో అర్థం చెప్పాడు.
అణువు గుండెకాయకి గురిపెట్టేవాళ్లు
ఆ గురి ఎంత పెద్దదో అని వేళాకోళంగా
దాని కొలతకి ఇదే పేరు పెట్టుకున్నారట.
క్లాసంతా నవ్వింది.
నేను నోటుబుక్కు వెనక లెక్క కట్టా
మా పదహారడుగుల గోడమీద అవెన్ని పడతాయని.
సున్నాలు గీత దాటి, పేజీ దాటి
బల్లమీదికి పోయినయ్.

ఇప్పుడు బేరనంటే కాగితం.
మూడేళ్ల కూలిబాకీ కింద రైతు
నాలుగు గోడలూ రేకులూ మాకొదిలేశాడు.
లైసెన్సు మాత్రం తనదగ్గరే ఉంచుకున్నాడు.
ఏటా దాన్ని ఎవరికో కౌలుకిస్తాడు.
నిప్పు లేనిదే పొగ రాదంటారు,
నిప్పూ పొగా లేకుండా డబ్బు రావడం
ఆయన దగ్గరే చూశా.
గొట్టాలు పాత ఇనుముకి మేమే అమ్ముకున్నాం.

పోయిన శివరాత్రి ముందు
కళ్లంలో శనగ ఉండగా మబ్బు పట్టింది.
తూర్పున ఉరుము.
అవ్వతో సహా అందరం మోశాం,
నలభై రెండు బస్తాలు బేరనులోకి.
తలుపేసి, రేకులమీద చినుకులు వింటా
చీకట్లో నిలబడితే
నాకొక్కడికే నవ్వొచ్చింది.
యాడో చలిదేశంలో పుట్టిన మాట
పొగలో వందేళ్లు మగ్గి
గింజల దగ్గరికి చేరింది, దానికే తెలియకుండా.
నాయన అలవాటుగా గోడమీద చెయ్యేసి
"చల్లగుందిరా" అన్నాడు.
ఇంకేమీ అనలేదు.

వారానికి వ్యాపారి వచ్చాడు.
గుప్పెడు శనగలు ముక్కు దగ్గర పెట్టుకుని
"పొగాకు వాసన.
క్వింటాకి వంద తగ్గాల్సిందే" అన్నాడు.

నాయన కండువా దులిపి
బస్తామీద కూర్చుని
బేరం మొదలుపెట్టాడు.