లాగుడు

ఇంజిన్ పోయింది ఎర్లీన్ అన్నాడు హోయ్ట్
టోపీ తీసి, చావు కబురు చెప్పినట్టు.
పోలేదన్నాను.
పోయిన ఇంజిన్ ఇంత అరవదు.

పెడల్ తొక్కితే కొండంత రాగం తీస్తోంది.
చక్రాలు మాత్రం గోరంత కదిలి
నా షెడ్డు ముందు కంకర మీద
నీళ్లు నములుతున్నాయి.

కౌంటీ గోల్ఫ్ మైదానం మూతపడ్డప్పుడు
వేలంలో కొన్న పెట్రోల్ బండి.
పన్నెండేళ్లూ చదును గడ్డి తప్ప ఎరగదు,
ఇద్దరు పెద్దమనుషుల్నీ
రెండు సంచుల కర్రల్నీ తప్ప మోసింది లేదు.
ఇప్పుడు దాని వీపున నాలుగు తేనెటీగల పెట్టెలు,
ఒక్కోటి ఎనభై పౌన్లు.
ఎదురుగా కూంబ్స్ గట్టు.
పైన సోర్‌వుడ్ చెట్లు పూతకొచ్చాయి,
ఇంకో రెండు వారాలుంటే ఎక్కువ.
నిన్న సగం ఏటవాలులో బండి ఆగి, వెనక్కి జారి,
ఓ పెట్టె మూత కదిలింది.
హోయ్ట్ ఎడమ కన్ను ఇంకా తెరుచుకోలేదు.

చక్రం ఎత్తి తిప్పాను, బ్రేకు పట్టేసిందేమోనని.
తేలిగ్గా తిరిగింది.
గాలి గొట్టంలో ఎలుక గూడు,
హోయ్ట్ పాత ముసుగు దారాలతోనే అల్లుకుంది.
లాగి పారేశాను.
బెల్టు అద్దంలా మెరుస్తోంది.
రబ్బరు మెరిసిందంటే జారుతోందనే.
కొత్తదాని పక్కన పెడితే
తగ్గిన వెడల్పు అగ్గిపుల్ల మందం.
ఆ సందులోంచే
ఇంజిన్ కష్టమంతా కారిపోతోంది.

వెనక క్లచ్ విప్పాను. లోపల స్ప్రింగు
ఎండకి సొమ్మసిల్లిన కుక్కలా ఉంది.
గట్టిది వేస్తే
పుల్లీ రేకులు తొందరపడి విచ్చుకోవు.
చిన్న అడుగుల దగ్గరే
బండిని ఇంకాస్త సేపు పట్టి ఉంచుతాయి.

ఇంతవరకూ బాగానే చెప్పాను.
అసలు సంగతి దగ్గరికొచ్చాక
నేనూ నీళ్లు నమిలాను.

టైర్లు.
పద్దెనిమిది అంగుళాలవి ఉండాల్సిన చోట
ఇరవై మూడు.
తాత డెబ్భయ్యో పుట్టినరోజుకి
మనవడు ట్రెంట్ బిగించాడు,
వేసవంతా ఊళ్లో గడ్డి కోసిన డబ్బుతో.
అంత పెద్ద చక్రాన్ని కదిలించడానికే
సగం బలం సరిపోతోంది.

అవి తీయొద్దు అన్నాడు హోయ్ట్.
అయితే గట్టెక్కదు అన్నాను.
తెరుచుకున్న ఒక్క కన్నుతో
గట్టు కేసి చూస్తూ ఉండిపోయాడు.

తలుపు దగ్గర నిలబడ్డ కుర్రాడు అడిగాడు,
గవర్నర్ బిగిస్తే చాలదా అని.
అది పరుగుకి, నాయనా.
మీ తాతది పరుగెత్తి పాలు తాగే పని కాదు.

ఇంకేమీ అనలేదు వాడు.
లోపలికెళ్లి జాకీ తెచ్చాడు.
నట్లు వాడే వదులు చేశాడు, ఒక్కొక్కటీ,
బిగించినప్పటికంటే నెమ్మదిగా.
హోయ్ట్ గోడమీది పాత క్యాలెండర్లో
ఏదో తేదీ వెతుకుతున్నాడు.

బిల్లులో బెల్టు రాశాను, స్ప్రింగు రాశాను.
చక్రాలు మార్చిన కూలి రాయలేదు.
అది నాది కాదు.

చీకటి పడి, ఈగలన్నీ గూటికి చేరాక
జాలీ కొట్టి, పెట్టెలెక్కించి బయల్దేరాం.
ఇక ఈ బండి రోడ్డు మీద
సైకిలు పిల్లల్ని కూడా దాటలేదు.
గట్టు మొదట్లో పెడల్ మీద కాలు పడగానే
అరవలేదు.
ఒక్కసారి గొంతు సవరించుకుని
మనిషి నడిచే వేగంతో ఎక్కడం మొదలుపెట్టింది.
పెట్టెల్లో రొద ఎక్కువో ఇంజిన్ రొద ఎక్కువో
పక్కన లైటు పట్టుకుని నడుస్తున్న నాకు
తెలియలేదు.

వెనకే ట్రెంట్, రెండు చేతుల్లో ఓ రాయి,
జారితే చక్రం కింద పెట్టడానికి.
నిన్న ఆగిన చోటు దాటాం.
ఆ మలుపూ దాటాం.
వాడు రాయి దించలేదు.

పైన నేల ఎగుడుదిగుడు.
మూడో పెట్టె ఓ పక్కకి ఒరిగింది.
రాయేది అన్నాడు హోయ్ట్
వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాచి.