ఇరవై నిమిషాలు కదలకుండా

డండీలో మూడున్నరకే చీకటి.
లైబ్రరీకి కొత్తగా అతికించిన మూడో అంతస్తులో
ఇవాళ నా పని, కదలకుండా కూర్చోవడం.

ఆర్నెల్లు ఈ కప్పు లోపల పాకాను.
నీలం కేబుళ్లు పన్నెండేసి కట్టలు కట్టి
పాత గోడకు బెజ్జం వేసి ఇవతలికి లాగాను.
ఆ ఇసుకరాయి పొడి ఇంకా చెవుల్లో ఉంది.

కింద ప్యానెల్ దగ్గర మోరాగ్, వాకీటాకీలో:
"మొదలు. ఊపిరి మాత్రం పీల్చుకో."

నెత్తిమీద తెల్లటి కన్ను, పావలా కాసంత.
మనిషి కదిలితే వెలుగు. కదలకపోతే మనిషే లేడు.
దానికి తెలిసిన వేదాంతం అంతే.

ముక్కు దురద పెట్టింది. ఓర్చుకున్నాను.
కిటికీలో టే వంతెన మీద రైలు దాటింది; తల తిప్పలేదు.
పద్దెనిమిదో నిమిషమో ఏమో,
పాలిటెక్నిక్ రెండో ఏడాది పరీక్షలో
సగంలో వదిలేసిన మూడు ఫేజుల లెక్క
దానంతటదే విడిపోయింది.
ఆ సంతోషంలో ఉండగానే
దీపాలన్నీ ఆరిపోయాయి.

"పాస్," అంది మోరాగ్.
"లేదు," అన్నాను చీకట్లోంచి,
"నేనిక్కడే ఉన్నాను కదా."

లేచేసరికి అన్నీ వెలిగాయి, ఏమీ ఎరగనట్టు.
నిచ్చెన ఎక్కి
ఆ కంటి పక్క మరను పిసరంత తిప్పాను,
పేజీ తిప్పే వేలు కూడా కనబడేలా.

నవ్వింది. కాగితం మీద టిక్కు మాత్రం కొట్టలేదు.
"మళ్లీ కూర్చో. ఈసారి ఏదైనా చదువుకో."

నా దగ్గరున్నది సెన్సార్ డబ్బాలో వచ్చిన పుస్తకమొక్కటే.
ఎనిమిది భాషలు, మనది లేదు.
మొదటి పేజీ తెరిచాను.