ఖబర్ జేన్

శుక్రవారం మధ్యాహ్నం, అబ్బాసియాలో మూడో అంతస్తు.
మంచాలు గోడకి నిలబెట్టి
చాపలు పరుస్తాం.
పక్క గదిలో రాత్రి డ్యూటీ వాళ్ళు పడుకుని ఉంటారు,
అందుకని మా చప్పట్లకి అరచేతులుండవు,
వేళ్ళే.

పాటలయ్యాక పాలపొడి డబ్బా నా ముందుకొస్తుంది.
మూతకి చీలిక, లోపల చీటీలు.
నేను పాస్టర్ని కాను, ఏసీలు బాగుచేసేవాణ్ణి.
వీసా అయిపోయి వెళ్తూ వెళ్తూ అయ్యగారు
"నువ్వు చూసుకో దేవభిక్షం" అన్నారు.
అంతే నా సెమినరీ చదువు.

పెన్సిల్‌తో ఒకటి, ఎవరిచేతో రాయించింది:
నాకు చదువు రాదు, ఫోన్లో వింటాను.
విన్నది చదివినట్టేనా?
అక్కా, ముందు విన్నవాళ్ళే అందరూ.
కాగితం తర్వాతెప్పుడో వచ్చింది.
ఇస్త్రీ చేస్తూ విను,
మాట మడతల్లోకి కూడా పోతుంది.

బకాలా రసీదు వెనక ఇంకొకటి:
నాలుగు నెలలుగా జీతం లేదు,
దశమభాగం బాకీ పడ్డట్టా?
సున్నాలో పదోవంతు సున్నానే తమ్ముడూ.
బాకీ నీది కాదు, నీ కఫీల్‌ది.
బిగబట్టిన కూలికి నోరుంటుందని
రాసే ఉంది, వెతుక్కో.

కుర్రాళ్ళెవరిదో, అందమైన అక్షరాలు:
సమాధి దగ్గర దూత ఒక్కడా, ఇద్దరా?
ఒకచోట అలా, ఒకచోట ఇలా ఎందుకుంది?
మహబూలాలో మా బిల్డింగు అంటుకున్న రాత్రి
నన్ను లాగింది ఒక్క ఫైర్‌మన్ అని నేను చెప్పాను,
ఇద్దరని మా కోటిరత్నం చెప్పాడు.
పొగలో ఎవడు లెక్కపెట్టాడు?
పోలీసు రెండూ రాసుకున్నాడు.
బతికి బయటపడ్డామన్న మాట మాత్రం
ఇద్దరం ఒకేలా చెప్పాం.
ఇది జవాబో కాదో,
నాకైతే పనికొచ్చింది.

బాప్తిస్మం లేకుండా పోయాడు మా ఆయన.
ఎక్కడున్నాడు?

చీటీ చేతిలోనే ఉంచుకున్నాను చాలాసేపు.
తెలీదమ్మా, అన్నాను.
గదిలో ఏసీ టకటకా కొట్టుకుంటోంది.
అదీ నేను బాగుచేసిందే.

ఆఖరిది ఉర్దూ వార్తల కాగితం అంచు మీద:
ఈ దేశంలో సువార్త ఎలా చెప్పాలి?
అందరి కళ్ళూ ఒక్కసారి తలుపుకేసి వెళ్ళొచ్చాయి.
అలవాటైన జవాబు ఎత్తుకున్నాను,
నమ్మకంగా పనిచెయ్యడం, చిల్లర తిరిగివ్వడం,
అబద్ధమాడకపోవడం...
వెనకనుంచి సువార్తమ్మ గొంతు సవరించుకుంది.
గన్నవరం లంకల మనిషి. సల్వాలో
ఒక ముసలమ్మకి ఎనిమిదేళ్ళుగా చేతికర్ర.

ఆ ఇంట్లో ఈవిణ్ణి వర్దా అంటారు, నోరు తిరగక.
మొన్న రంజానులో, పొద్దు వాలేవేళ,
కాళ్ళు పడుతుంటే మామా అడిగిందట,
నీ అసలు పేరేమిటి, దానర్థమేమిటి అని.
వంటింటి అరబ్బీ అంతా తడుముకుని
రెండు ముక్కలు పట్టుకొచ్చింది ఈవిడ:
ఖబర్ జేన్.
మంచి కబురు.
ముసలమ్మ బోసినోటితో నవ్వి
"ఏదీ, చెప్పు మరి" అందట.

చాపలన్నీ ముందుకి వంగాయి.
చెప్పావా?
"నాకంత భాష ఎక్కడిదయ్యా!
ఆవిడ మోకాలి మీద చెయ్యలాగే ఉంచాను.
ఆవిడా తియ్యమనలేదు.
ఇంతలో బాంగు వినపడింది.
పొద్దుటినుంచీ చుక్క ముట్టలేదు పాపం.
పిలిచింది, వర్దా అని కాదు,
'ఖబర్ జేన్, నీళ్ళు తే' అని.
తెచ్చాను."

కింద వ్యాను హారన్ కొట్టింది.
మంచాలు దించాం, చెప్పులు వెతుక్కున్నాం.
జవాబులు రాసే నోటుబుక్కులో
ఆ ప్రశ్న కింద
తేదీ ఒక్కటే వేశాను.