ఎన్ని వానలు

పియావీలో దారి మొదట ఎర్రగా ఉంటుంది,
రెండు గంటలు పోయాక తెల్లబడుతుంది,
ఆ తర్వాత దారే ఉండదు.
జీపు ఆపి దొర్జివాల్ ఇల్లెక్కడని అడిగితే
మేకపిల్లని చంకనెత్తుకున్న కుర్రాడు
"చచ్చిపోయిన ఫ్యాక్టరీ దాటాక" అన్నాడు.

నా సంచిలో నూట నలభై పేజీలు.
బయోడీజిల్: ముప్పై ఏళ్ల వ్యూహం.
మూడో అధ్యాయంలో ఒక్క గడి ఖాళీ.
చిన్న రైతుల వాటా, శాతం.
బ్రసీలియాలో, ఆరో అంతస్తులో, ఏసీ కింద
ఆ గడిలో పన్నెండు వేశాను, ఇరవై వేశాను,
నలభై కూడా వేసి చూశాను.
ఏ అంకె వేసినా గ్రాఫు అందంగానే ఎక్కుతోంది.
అక్కడే నాకు అనుమానం వచ్చింది.

దొర్జివాల్ లేడు. పోయిన జూన్‌లో పోయాడు.
ఉన్నది అతని అక్క జుల్మీరా.
కుర్చీ వెయ్యలేదు,
బోర్లించిన ప్లాస్టిక్ డబ్బా చూపించింది.
డబ్బా మీద సగం చెరిగిన కంపెనీ బొమ్మ:
ఆముదపు ఆకు, దాని వెనక నవ్వే సూర్యుడు.

"చెట్టు లేని చోట ఆముదమే మహావృక్షం కదా,
దాని నీడన ఆరొందల కుటుంబాల్ని కూర్చోబెట్టారు.
ఎండెక్కితే కాయలు టప్ టప్‌మని పగిలేవి.
మా అత్త తుపాకులనుకుని మంచం కిందికి దూరేది.
గింజలు ఇచ్చాం. సంతకాలు ఇచ్చాం.
ఆముదం మరీ చిక్కన, ఇంజను మింగదని తర్వాత చెప్పారు.
మా నూనె ఓడెక్కి ఎవరి పెదవుల రంగులోకో పోయింది.
ఇక్కడ కాగింది దక్షిణం నుంచి లారీల్లో వచ్చిన సోయా.
మా సంతకాలు మాత్రం ఇక్కడే ఉంచుకున్నారు,
వాటికి పన్ను తగ్గుతుందట."

లోపలికెళ్లి తమ్ముడి నోట్‌బుక్ తెచ్చింది.
మూడో తరగతి పిల్లల నోట్‌బుక్, అట్ట మీద చిలక.

మార్చి తొమ్మిది. వాన లేదు.
మార్చి పది. వాన లేదు.
మార్చి పదకొండు. వాన లేదు.
వ్యవసాయ కుర్రాడు వచ్చాడు. బూట్లు బాగున్నాయి.
మార్చి పన్నెండు. ఆముదపు చెక్క తిని
ప్రిన్సేజా చచ్చింది. చూడి మేక.
మార్చి పదమూడు.

పదమూడు పక్కన ఏమీ రాయలేదు.
నా గడి లాగే.

"ఇంతకీ నువ్వేం రాస్తున్నావు?"
దీర్ఘకాలిక విధానం, అన్నాను.
"దీర్ఘం అంటే ఎన్ని వానలు?"
ముప్పై ఏళ్లు.
"ఏళ్లు కాదు పిల్లా. వానలు."
వేళ్ల కణుపులు లెక్కపెట్టింది,
మధ్యలో తప్పి మళ్లీ మొదలుపెట్టింది.
"గింజ మొలిచేంత వానలు పదకొండు పడితే గొప్ప.
ఆ పదకొండింటికీ రాయి.
మిగతా పంతొమ్మిదేళ్లు మేం ఏం తినాలో
అది వేరే కాగితం మీద రాయి."

పెరట్లో ఏడు ఆముదపు మొక్కలున్నాయి.
ఎవరూ నాటలేదు, ఎవరూ పీకలేదు.
వాటి గింజలు సీసాలో పోసి అటక మీద పెట్టింది.
మచ్చల మచ్చల గింజలు, గోరుమాలు పురుగుల్లా.
"కిలో ఇవాళ ఎంత?" అని అడిగింది.

రెండువేల యాభై దాకా ధరల అంచనా నా దగ్గరుంది,
ఎక్కువ, తక్కువ, మధ్యస్థం, మూడు రంగుల్లో.
ఇవాళ్టి ధర మాత్రం తెలీదు.
ఆమె ఏమీ అనలేదు.
మూత బిగించి సీసా మళ్లీ పైన పెట్టింది.

తిరుగుదారిలో బంకులో జీపు తాగింది
ఎంత సోయా, ఎంత పామాయిలు, ఎంత రాతినూనె,
పంపు కుర్రాడికీ తెలీదు.

ఆఫీసులో ఆ గడి నింపాను: పదకొండు.
కింద చిన్న అక్షరాల్లో: వానలు.
వారం తర్వాత ముసాయిదా అచ్చయి వచ్చింది.
చిన్న అక్షరాలు ఎవరో తీసేశారు,
పదకొండు పక్కన శాతం గుర్తు పెట్టారు.
గ్రాఫు అందంగానే ఎక్కింది.

ఇప్పుడు రెండో కాగితం రాస్తున్నాను.
పంతొమ్మిదేళ్ల కాగితం.
పైన తేదీ వేశాను.
పక్కన, వాన లేదు అని.