మిగిల్చిన వేళ్లు

గుణుపురం ఆస్పత్రి, పన్నెండో నంబరు గది.
కిటికీ అవతల నౌపడా బండి
రోజూ ఒకే మలుపు దగ్గర కూత పెడుతుంది.
సుమంతి గొమాంగో నోరు తెరిచింది.

ఇన్నాళ్లూ ఆ కుర్చీ పక్కన నిలబడింది ఆమే.
కొండ దిగొచ్చిన సవర తల్లుల నొప్పిని
నాకు తెలుగులో, నర్సుకి ఒడియాలో
విడివిడిగా పంచిపెట్టేది.
ఇవాళ తన నొప్పికి ఏ భాషా వాడలేదు.
దవడ మీద చెయ్యి పెట్టి చూపించింది, అంతే.

జ్ఞానదంతం. కింది వరస, కుడివైపు, అన్నిటికంటే చివర.
పక్క పన్ను మీదికి ఒరిగిపోయి ఉంది,
రద్దీ బస్సులో పక్కవాడి భుజమ్మీద
నిద్రపోయినవాడిలా.

ఎక్స్‌రేని వెలుతురుకి పట్టి చూశాను.
నరం నడిచే దారికి రెండు తెల్లటి గట్లుంటాయి.
పంటి వేళ్ల దగ్గరికొచ్చేసరికి పై గట్టు తెగింది.
వేళ్ల మీద అడ్డంగా నల్లటి నీడ.
బరంపురం పంపి అన్ని పక్కలా కనిపించే స్కాను తీయించాను.
నీడ అబద్ధం చెప్పలేదు.
వేరుకీ నరానికీ మధ్య ఎముక లేదు,
ఉల్లిపొరంత కూడా.

దండాసి గుర్తొచ్చాడు.
పదకొండేళ్ల కిందట, ఇదే కుర్చీ.
అప్పటికి నాకు పన్నంటే పీకేది.
వేళ్లతో సహా పీకాను, పళ్లెంలో ఠంగుమంది,
గర్వంగా అతనికి చూపించాను కూడా.
మర్నాడు టీ తాగి పెదవి కాల్చుకున్నాడు, తెలియలేదు.
మెతుకు అంటుకుంటే కూతురు చెప్పాలి.
పర్లాకిమిడి బస్సుకి కండక్టరు.
విజిల్ పెదాల మధ్య ఉందో లేదో తెలీక
టిక్కెట్ల సంచిలో పడేశాడు.
ఇప్పుడు బస్సు రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు.
"ఏటి సేత్తాం బాబూ, పన్ను పోతా పోతా
సగం పెదవిని తోలుకుపోనాది" అని నవ్వుతాడు.
ఆ నవ్వులో సగమే అతనికి తెలుస్తుంది.
నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

సుమంతికి అన్నీ ముందే చెప్పాను.
పెదవి మొద్దుబారొచ్చు, గడ్డం, ఒక్కోసారి నాలుక,
కొన్ని వారాలో, ఎప్పటికీనో.
వేళ్లు వదిలేస్తే ఆ భయం తగ్గుతుంది, పోదు.
వదిలినవి రేపు పైకి జరగొచ్చు, మళ్లీ కొయ్యాల్సి రావొచ్చు,
అప్పటికి నరానికి కాస్త ఎడంగా వచ్చి ఉంటాయి.
వేరుదాకా పుచ్చిన పన్నయితే ఈ దారే లేదు.
ఆమె అడిగింది ఒక్కటే:
"పెదాలు తెలీకపోతే 'మందు' అనగలనా?
మందు, పాప, బిడ్డ.
రోజంతా నేను అనేవన్నీ పెదాలతోనే కదా."

నాలుక వైపు చిగురు జోలికి పోలేదు,
అక్కడ ఇంకో నరం పడుకుని ఉంటుంది.
పంటి తల ఒక్కటే కోశాను.
నీళ్లు పడుతూ, ఆగుతూ,
అవతలి అంచు తెగకముందే ఆగి
మెల్లిగా విరిచాను.
బయట ఎవరో బస్సు రేకు కొట్టారు.
చెయ్యి ఎత్తి, కాసేపు ఊరుకున్నాను.
మిగిలిన మోడుని ఎముక అంచు కిందిదాకా చెక్కి
వేళ్లు కదులుతున్నాయా అని చూశాను.
కదిలితే అవీ తీసెయ్యాల్సిందే.
కదల్లేదు.
చిగురు కప్పి కుట్టేశాను.

మన భాషలో చేతికీ వేళ్లే, చెట్టుకీ వేళ్లే.
ఈ వేళ్లు ఆ వేళ్లని వదలడం నేర్చుకోడానికి
ఒక మనిషి పెదవి ఖర్చయింది.

మర్నాడు దూదిని పోగులా పేని
కళ్లు మూసుకోమన్నాను.
"ఇక్కడ?" "ఊఁ."
"ఇక్కడ?" "ఊఁ."
మూడోసారి నేను తాకలేదు.
"తాకలేదు కదా" అంది, కళ్లు తెరవకుండానే.

బెంచీ మీద ఒక తల్లి, ఒళ్లో ఏడుస్తున్న పిల్లాడు.
వాచిన బుగ్గతోనే సుమంతి వాళ్ల దగ్గరికి వెళ్లి
సవరలో ఏదో అంది.
నాకు అర్థం కాలేదు.
పెదాలు రెండూ కలిసి విడిపోవడం మాత్రం
గుమ్మంలోంచి చూశాను.